నలుగురిలో పిల్లాడు నేలమీద పడి ఏడిస్తే ఆ ఐదు నిమిషాలు మీరేం చేస్తారు?

చిన్నోడి_అమ్మ:

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడివన్నీ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మా బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఇంట్లో మొండితనం చేసినా ఏదోలా నెట్టుకొస్తాను, బయటికి తీసుకెళ్తేనే నా ప్రాణం మీదికొస్తుంది. మొన్న ఆదివారం ఆరాధనలో, సరిగ్గా అందరూ తలలు వంచి ప్రార్థనలో ఉన్నప్పుడు, వాడు పాటల పుస్తకం పేజీలు చింపుతున్నాడని చేతిలోంచి తీసుకున్నాను. అంతే, బెంచీల మధ్య వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటూ ఒకటే కేకలు. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. చూశారంతే, ఒక్క మాట అనలేదు, కానీ నాకు చెవులు వేడెక్కిపోయాయి. వాణ్ణి చంకన వేసుకుని బయటికొచ్చి, మెట్ల దగ్గర తొడమీద గట్టిగా ఒక్కటి వేశాను.

వాడు ఏడుపు ఆపేశాడు. నన్ను పిండేస్తున్నది అదే. ఆపేసి నావైపు బెదురుగా చూశాడు. కాసేపయ్యాక వచ్చి నా మెడే కావలించుకున్నాడు, కొట్టిన నా మెడే.

పిల్లల్ని మృదువుగా, క్రీస్తు ప్రేమలో పెంచాలని వాడు పుట్టకముందే ఇద్దరం అనుకున్నాం. ఇంట్లో కుదురుతున్నది నలుగురిలో ఎందుకు కుదరట్లేదో తెలియదు. మా అత్తగారు "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అంటారు. మావారు "ఓపిక పట్టు" అంటారు, అయితే ఆ టైముకి ఆయన ఎప్పుడూ పక్కన ఉండరు. మీలో ఎవరైనా ఆ నిమిషంలో చేతులతో, నోటితో ఏం చేస్తారో చెప్పండి. "ప్రేమగా ఉండండి సిస్టర్" అని మాత్రం అనొద్దు ప్లీజ్, అది నాకూ తెలుసు.

ముగ్గురు_తుఫాన్లు:

ఆ చూపు నాకు తెలుసమ్మా. మా పెద్దదాని మొహంలో చూశాను. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు, అది ఎప్పుడో మర్చిపోయింది, నేను మర్చిపోలేదు.

మీరు రాసిందాంట్లో ఒక చోట ఆగిపోయాను. ముందు వరుసవాళ్లు తిరిగి చూశారు, మీ చెవులు వేడెక్కాయి. దెబ్బ అక్కడే పడిపోయింది, మెట్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదిలిందంతే. ఇంట్లో మనం పిల్లాణ్ణి చూస్తాం, బయట మనల్ని చూసేవాళ్లని చూస్తాం. ఈ ముక్క అర్థం కావడానికి నాకు ఇద్దరు పిల్లలు పట్టారు, మూడోదానికి పనికొచ్చింది.

ఇక అడిగిన దానికి. వాడు పడగానే నేనూ మోకాళ్ల మీద కూర్చుంటాను, నా మొహం వాడి మొహానికి అందేంత కిందికి. పైనుంచి వంగి మాట్లాడితే మనం వాళ్లకి ఎంత రాకాసుల్లా కనిపిస్తామో తెలియాలంటే ఒకసారి నేలమీద పడుకుని మీ ఆయన్ని మీ మీదికి వంగి అరవమనండి. తర్వాత మూడే మూడు చిన్న మాటలు. "కోపమొచ్చింది. పుస్తకం కావాలి. చింపనివ్వను." ఇక నోరు మూసేస్తాను. ఎందుకు చింపకూడదో, అది ఎవరిదో, దేవుని మందిరంలో ఎలా ఉండాలో ఏవీ అప్పుడు చెప్పను, ఆ అరుపుల్లో వాడికి నా మాటలు ఇంకో గోల అంతే.

బయటికి తీసుకెళ్లాల్సి వస్తే రెక్క పట్టి ఈడ్చను, ఎత్తుకుంటాను, "మనం బయట కూర్చుందాం" అంటాను. బయట గోడకి ఆనుకుని కూర్చుంటాను. దగ్గరికొస్తే పట్టుకుంటాను, తోసేస్తే జానెడు దూరంలో ఉంటాను, వదిలేసి మాత్రం పోను. కాసేపటికి కేకలు పోయి వెక్కిళ్లు మొదలవుతాయి. మాట చెవికెక్కేది అప్పుడే.

పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వను. ఎంత ఏడ్చినా ఇవ్వను. మృదువుగా అంటే చాలామంది లొంగిపోవడం అనుకుంటున్నారు.

సామెతలు_13_24:

నేను ఒప్పుకోను. "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అని బైబిల్లో సామెతలు 13:24 వాక్యం నేరుగా చెప్తుంటే మనం దాన్ని చుట్టుతిప్పి చుట్టుతిప్పి ఈ కాలానికి నచ్చేలా మార్చుకుంటున్నాం. సిస్టర్, మీరు చేసిన దాంట్లో తప్పు లేదు. వాడు ఏడుపు ఆపాడు కదా, అంటే అర్థమైందనే కదా. మా నాన్నగారు మమ్మల్ని నలుగురినీ కొట్టే పెంచారు, నలుగురం విశ్వాసంలోనే ఉన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పటి పిల్లలు తల్లిదండ్రుల నెత్తినెక్కి కూర్చుంటున్నది ఈ మృదుత్వం వల్లే.

కొత్తగా_వచ్చా:

+1 ముగ్గురు_తుఫాన్లు గారికి. ఆ "మూడు మాటలు" ఫ్రిజ్ మీద అంటించుకుంటా.

సండేస్కూల్_టీచర్:

సామెతలు_13_24 బ్రదర్, వాక్యం మీదే మాట్లాడుకుందాం, నాకూ అదే ఇష్టం.

మీరు చెప్పిన వచనంలో బెత్తం అన్నచోట హీబ్రూలో ఉన్న మాట షేవెట్. 23వ కీర్తనలో "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అన్నప్పుడు ఆ దుడ్డుకర్ర కూడా అదే మాట. రాజదండానికీ, గోత్రానికీ కూడా ఇదే వాడారు. కాపరి ఆ కర్రతో తోడేలుని కొడతాడు, గొర్రెని దారిలో పెడతాడు, లెక్కపెడతాడు. దాన్ని చూస్తే గొర్రెకి ఆదరణ కలుగుతుందంటున్నాడు దావీదు. నా చేతిలో బెత్తం చూస్తే మా పిల్లకి ఏం కలుగుతుంది అని నన్ను నేను అడుక్కుంటే నాకు వచ్చిన జవాబు ఆదరణ కాదు.

రెండోది మన తెలుగు మాట గురించి. పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 6:4లో "ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి" అని చదవగానే మనకి దెబ్బ గుర్తొస్తుంది, ఎందుకంటే ఇప్పుడు శిక్ష అంటే మనకి జైలు, జరిమానా. కానీ శిక్షణ, శిక్షకుడు అన్న మాటలు ఎక్కడినుంచి వచ్చాయి? సంస్కృతంలో శిక్ష అంటేనే నేర్పడం. గ్రీకులో అక్కడున్న పైదియా కూడా పిల్లవాణ్ణి తీర్చిదిద్దే మొత్తం పనికి వాడేది, దండన అందులో ఒక భాగం. పైగా ఆ వచనం మొదలయ్యేదే "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని. పౌలు ఇది రాసింది రోమా సామ్రాజ్యంలో, అక్కడి చట్టం తండ్రికి బిడ్డల ప్రాణాల మీద కూడా అధికారం ఇచ్చిన కాలంలో. అలాంటి తండ్రులకి "కోపము రేపక" అని చెప్పడం చిన్న మాట కాదు.

సామెతలు_13_24:

హీబ్రూ గ్రీకు నాకు రావు గానీ, సామెతలు 23:13 చదవండి. "బెత్తముతో వానిని కొట్టినయెడల వాడు చావకుండును." అక్కడ కొట్టడం అంటే కొట్టడమే, లెక్కపెట్టడం కాదు కదా టీచర్ గారూ.

సండేస్కూల్_టీచర్:

కాదు, నిజమే, అక్కడ కొట్టడమే. దాచను. కానీ మొండి కొడుకుని ఊరి పెద్దల దగ్గరికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టమని ద్వితీయోపదేశకాండం 21లో ఉంది, దాన్ని మనలో ఎవరం పాటించట్లేదు, మీరూ పాటించరు. మరి ఏది ఆ కాలపు పద్ధతి, ఏది ఎప్పటికీ నిలిచే మాట అని తేల్చుకునే పని మీకూ ఉంది, నాకూ ఉంది. నేను యేసు పిల్లలతో ఎలా ఉన్నాడో చూసి తేల్చుకుంటున్నాను. మార్కు 10లో శిష్యులు పిల్లల్ని తెచ్చినవాళ్లని గద్దిస్తే ఆయనకి కోపం వచ్చింది. పిల్లల మీద కాదు, పెద్దవాళ్ల మీద. పిల్లల్నైతే ఎత్తుకున్నాడు.

పిల్లల_నర్సు:

వాక్యం పెద్దలు చూసుకుంటున్నారు కాబట్టి నేను నాకు తెలిసిన సంగతి రాస్తాను. పిల్లల వార్డులో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను.

ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల మధ్య ఇలా పడి ఏడవడం ఎదుగుదలలో భాగం. కావాలనుకున్నది చాలా ఉంటుంది, చెప్పడానికి మాటలు ఉండవు. కోపాన్ని అదుపు చేసే భాగం మెదడులో నుదుటి వెనక ఉంటుంది, అది పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. రెండున్నరేళ్లవాడు "కావాలని చేస్తున్నాడు" అని మనం అంటుంటాం, ఆపుకోవడానికి కావల్సిన సరంజామా వాడికి ఇంకా రాలేదు. చాలావరకు ఇవి ఐదు నిమిషాల్లోపే తగ్గిపోతాయి. మనకి అరగంటలా అనిపిస్తుంది, ఒకసారి వాచీ చూసుకోండి.

కొడితే ఎందుకు ఆపుతాడు అన్నదానికి: భయం వేస్తే శరీరం బిగుసుకుపోతుంది. నేర్చుకున్నవాడూ, బిగుసుకుపోయినవాడూ పైకి ఒకేలా కనిపిస్తారు. చిన్నోడి అమ్మ గారు ఆ తేడాని వాడి కళ్లలో పట్టుకున్నారు, అందుకే ఇక్కడికొచ్చి రాశారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2018లో తల్లిదండ్రులకి చెప్పింది కూడా ఇదే, కొట్టడం గానీ, అరిచి అవమానించడం గానీ వద్దు, దీర్ఘకాలంలో అవి పని చేయవు, పైగా పిల్లల్లో దూకుడు పెరుగుతుందని. స్వీడన్ అయితే 1979లోనే ఇళ్లలో కూడా కొట్టకూడదని చట్టం చేసింది, ప్రపంచంలో మొదట చేసింది వాళ్లే.

ఇంకోటి, ఇది అడగకపోయినా చెప్తాను. కొంతమంది పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారతారు, ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతారు. తల్లులు హడలిపోతారు. సాధారణంగా నిమిషం లోపే వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. మొదటిసారి అలా అయితే మాత్రం డాక్టరుకి తప్పకుండా చూపించండి, కొందరిలో ఐరన్ తక్కువ ఉండటం కూడా కారణం అవుతుంది. అలాగే తనని తాను గాయపరచుకుంటుంటే, నాలుగేళ్లు దాటాక తగ్గాల్సింది పెరుగుతుంటే కూడా చూపించాలి. "దయ్యం పట్టింది, ప్రార్థన చేయిద్దాం" అని ఆలస్యం చేసినవాళ్లని చూశాను, ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి కూడా పోవచ్చు.

పాతకాలపు_అమ్మమ్మ:

అమ్మాయ్, నాకు టైపు చేయడం సరిగా రాదు, తప్పులుంటే సర్దుకోండి.

నేను నా పిల్లల్ని కొట్టాను. అప్పట్లో అందరం కొట్టేవాళ్లం, కొట్టకపోతే పిల్లల్ని పట్టించుకోని తల్లి అనేవాళ్లు. మా రెండోది పెళ్లయ్యాక ఒకరోజు మాటల్లో అంది, అమ్మా, నువ్వు వంటగదిలోంచి వస్తుంటే నీ చెప్పుల చప్పుడు బట్టి నీకు కోపం ఉందో లేదో చెప్పేసేదాన్ని అని. నవ్వుతూనే అంది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కాబట్టి నలుగురం బాగానే ఉన్నాం అన్న ఆ అబ్బాయికి నేను చెప్పేదేంటంటే, బాబూ, మీ చెల్లెళ్లని ఒకసారి అడిగి చూడు.

ఏలీయా సంగతి తీసుకో. 1 రాజులు 19. అంత పెద్ద ప్రవక్త, ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు, అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడి ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. మన పిల్లలు నేలమీద పడి చెప్పేది కూడా ఇంచుమించు అదే. దేవుడు ఏం చేశాడు? నిన్ననే అంత అద్భుతం చూశావు సిగ్గులేదా అన్నాడా? నిద్రపోనిచ్చాడు. దూతని పంపి లేచి భోజనం చెయ్యమన్నాడు. మళ్లీ నిద్రపోయాడు, మళ్లీ లేపి తినమన్నాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అన్నాడు. నాకు ఆ మాట చదివినప్పుడల్లా కడుపులో ఏదో అవుతుంది. నీ శక్తికి మించింది అని దేవుడే ఒప్పుకున్నాడు. అడగాల్సినవి అడిగింది నలభై రోజుల తర్వాత, అదీ గాలిలో కాదు, భూకంపంలో కాదు, అగ్నిలో కాదు, నిమ్మళంగా మాట్లాడే స్వరంతో.

రెండున్నరేళ్లవాడికి గంటన్నర ఆరాధన శక్తికి మించిన ప్రయాణమే కదమ్మా. వెళ్లేముందు వాడు తిన్నాడా, పడుకున్నాడా చూసుకో. సగం గొడవ అక్కడే పోతుంది.

చిన్నోడి_అమ్మ:

అమ్మమ్మ గారూ, బస్సులో కూర్చుని చదివాను, పక్కనావిడ నావైపు చూస్తోంది, కళ్లు తుడుచుకుంటున్నానని. ఆరోజు వాడు పొద్దున ఐదుకే లేచాడు. ఏమీ సరిగా తినలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అన్నీ ముందే కనిపిస్తున్నాయి, కొత్త బట్టలు కూడా గుచ్చుకుంటున్నాయని రెండుసార్లు చెప్పాడు.

నిశ్శబ్దం_ఇష్టం:

నేను కాస్త వేరే సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సలహాలన్నీ చదివి మా లాంటివాళ్లు ఇంకా కుంగిపోతారు. మా అబ్బాయికి ఐదేళ్లు, ఆటిజం ఉంది. వాడు పడిపోవడం బొమ్మ కోసం కాదు. డ్రమ్ముల శబ్దం, స్పీకర్ల కీచుమనే మోత, లైట్లు, చెమట వాసన, అన్నీ కలిసి వాడి బుర్రలో ఒకేసారి పేలతాయి. అడిగింది ఇచ్చినా ఆగదు, ఎవరూ చూడకపోయినా ఆగదు. పట్టుకుంటే ఇంకా ఎక్కువవుతుంది, కళ్లలోకి చూడమంటే ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి పట్టుకోవాలన్న సలహా అందరికీ సరిపడదు. మాకు పనికొచ్చింది చెవులకి పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు, తలుపు పక్క సీటు, పాటలు అయిపోయాక లోపలికి వెళ్లడం. మా సంఘంలో ఒక పెద్దాయన "పాటలప్పుడు రాకపోతే ఆరాధనకి వచ్చినట్టా" అన్నాడు. నేనేమీ అనలేదు. ఇంటికొచ్చి ఆదికాండం 33 తీశాను. అన్న ఏశావు కలిసి వెళ్దాం పద అంటే, తమ్ముడు యాకోబు, పిల్లలు పసివాళ్లు, ఒక్కరోజు వడిగా తోలితే మంద చచ్చిపోతుంది, నువ్వు ముందు వెళ్లు, నేను పిల్లల నడకని బట్టి మెల్లగా వస్తాను అంటాడు. జీవితమంతా ఎవరినో ఒకరిని మోసం చేసిన మనిషి, పిల్లల నడక మాత్రం తెలుసుకున్నాడు.

పిల్లల_నర్సు:

ఇది రాసినందుకు చాలా థాంక్స్ బ్రదర్. నేను రాయాల్సింది, మర్చిపోయాను.

నేర్చుకుంటున్న_నాన్న:

నా అనుభవం రాస్తే మీరందరూ నవ్వుకుంటారు. మృదువుగా పెంచడం గురించి నెలరోజులు వీడియోలు చూసి, మా మూడేళ్ల పిల్లని తీసుకుని షాపుకెళ్లాను. బిల్లు కట్టే లైన్లో, పిల్లల చేతికి అందే ఎత్తులోనే బొమ్మలన్నీ పెడతారు కదా, ఒకటి పట్టుకుని వదలదు. నేను కూర్చుని, "అమ్మలూ, నీ భావం నాకు అర్థమవుతోంది, కానీ మనం ఇంట్లో ఏం మాట్లాడుకున్నాం, నీకు ఇప్పటికే ఇలాంటివి రెండు ఉన్నాయి" అని ఒక పది నిమిషాలు ప్రసంగం చేశాను. వెనకాల ఏడుగురు. అది ప్రసంగం మధ్యలో నా కళ్లజోడు లాగి విసిరేసింది. చివరికి కొనిచ్చాను. ఇంటికొచ్చి నా భార్యకి చెప్తే, "ఎంతసేపు ఏడిస్తే కొంటావో దానికి ఈరోజు లెక్క తెలిసింది" అంది.

అదే నిజం. తొమ్మిదిసార్లు వద్దని పదోసారి ఇస్తే, పిల్లకి అర్థమయ్యేది పదిసార్లు ఏడవాలని. ఎప్పుడో ఒకసారి దొరికేదాన్ని మనుషులు అంత తొందరగా వదలరు, లాటరీ కొనేవాళ్లని చూడండి. తర్వాత నుంచి ఇవ్వనిది ఇవ్వట్లేదు, మొదట్లో ఏడుపు పెరిగింది, ఒక రెండు వారాలు నరకం, తర్వాత తగ్గింది. ఇవ్వదలచుకున్నదైతే మొదటి మాటకే ఇచ్చేస్తున్నా.

లోపలికి వెళ్లేముందు బయటే ఆగి చెప్తాను, "మూడు వస్తువులు కొంటాం, నువ్వు రెండు బుట్టలో వేస్తావు, బొమ్మలు చూస్తాం, కొనం." చేతికి పని ఉంటే పిల్ల వేరేగా ఉంటుంది, నిజంగా. ఇంకా కుదరకపోతే బుట్ట అక్కడే వదిలేసి బయటికొచ్చేస్తాను. రెండుసార్లు అలా వచ్చేశాను. సరుకులు మర్నాడు తెచ్చుకోవచ్చు.

సామెతలు_13_24:

అమ్మమ్మ గారి మాట విని నిన్న రాత్రి మా చెల్లికి ఫోన్ చేశాను. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

బెత్తం గురించి నా అభిప్రాయం పూర్తిగా మారిందని అనుకోకండి. కానీ ఒక ప్రశ్న, వాదించడానికి కాదు, నిజంగానే అడుగుతున్నా. కొట్టకపోతే చేసిన తప్పుకి ఫలితం అంటూ ఏముంటుంది? వాడు పుస్తకం చింపాడు. మీరు పక్కన కూర్చున్నారు, కావలించుకున్నారు, ఇంటికెళ్లారు. పుస్తకం సంగతేంటి?

ముగ్గురు_తుఫాన్లు:

ఇది మంచి ప్రశ్న, మృదువుగా పెంచేవాళ్లు చాలామంది ఇక్కడే జారిపోతారు, నేను కూడా.

పుస్తకం అతకాలి. వాడే అతకాలి. ఇంటికెళ్లి, కడుపు నిండాక, టేపు ముక్కలు మీరు కత్తిరించి ఇస్తే వాడు అంటిస్తాడు, వంకరగా అంటిస్తాడు, పర్లేదు. తర్వాత ఆదివారం వాడి చేత్తో తిరిగి ఇప్పించాలి. దెబ్బ కొడితే అప్పు అప్పుడే తీరిపోతుంది, పుస్తకం చిరిగే ఉంటుంది. సుంకం వసూలు చేసే జక్కయ్య చెట్టు దిగాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, ఎవరూ కొట్టలేదు, యేసు అతని ఇంటికొస్తానన్నాడు అంతే.

సండేస్కూల్_టీచర్:

దీనికి ఒకటి కలుపుతాను. దయచేసి ఆ సమయంలో దేవుణ్ణి బూచాడిలా వాడకండి. "యేసయ్య చూస్తున్నాడు, కొడతాడు", "అల్లరి చేస్తే యేసయ్యకి నువ్వంటే ఇష్టం ఉండదు". నా క్లాసులో నాలుగేళ్ల పాప ఒకసారి ప్రార్థనకి కళ్లు మూసుకోనంది. ఎందుకమ్మా అంటే, మూసుకుంటే దేవుడొచ్చి పట్టుకుంటాడంట. ఆ పాపకి ఆ భయం పోగొట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఏడుపు మధ్యలో "సారీ చెప్పు, ప్రార్థన చెయ్యి" అని బలవంతం చేయడం కూడా వద్దు. ప్రార్థన మనం చేసుకోవచ్చు, లోపల. నేనైతే "ప్రభువా, నా నోరు" అంటాను, అంతకంటే పొడుగ్గా చేసే టైము ఉండదు.

కొత్తగా_వచ్చా:

పక్కన చూసేవాళ్లు ఏం చేయాలో కూడా ఎవరైనా రాయండి. నాకింకా పిల్లల్లేరు, ఎవరి పిల్లలైనా ఏడుస్తుంటే ఎటు చూడాలో తెలియదు.

నిశ్శబ్దం_ఇష్టం:

తలుపు తెరిచి పట్టుకోండి. బ్యాగు కింద పడితే తీసివ్వండి. "ఏమీ పర్లేదు" అని ఒక్క మాట తల్లితో అనండి, పిల్లాడితో కాదు. చాక్లెట్ చూపించకండి, పోలీసుని పిలుస్తా అనకండి. ఇంతే.

చిన్నోడి_అమ్మ:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను, మధ్యలో జ్వరాలు.

ముందు బాబుకి క్షమాపణ చెప్పాను. రెండున్నరేళ్లవాడికి ఏం అర్థమవుతుంది అనుకున్నాను గానీ, "అమ్మ కొట్టింది, అమ్మది తప్పు, నొప్పి పుట్టింది కదా" అంటే తొడ చూపించి "ఇక్కడ" అన్నాడు. గుర్తుంది. పుస్తకం అతికించాం, ఒక పేజీ తలకిందులుగా అతికింది, అది వాడే ఇచ్చాడు, తీసుకున్నాయన ఏమీ అనకుండా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఆ ఆదివారం పడుకోబెట్టి, తినిపించి, పాత బట్టలు వేసి, తలుపు పక్కన కూర్చున్నాను. అన్నీ చేశాను. అయినా పడ్డాడు! ఈసారి బూటు విప్పనివ్వలేదని. కింద కూర్చున్నాను, "కోపమొచ్చింది, బూటు విప్పాలి" వరకు గుర్తొచ్చింది, మూడోది మర్చిపోయాను. ఎత్తుకుని బయటికి పోయాను. వాచీ చూశాను నర్సు గారూ, ఏడు నిమిషాలు. అదే మెట్ల దగ్గర. చెయ్యి ఒకసారి లేచింది, అబద్ధం చెప్పను, లేచినదాన్ని నా ఒళ్లోనే పెట్టుకున్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది, ఎవరో తిట్టడానికి వస్తున్నారనుకున్నా, మావారు. ఏమీ మాట్లాడలేదు, వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నారు, వాడి బూటు తీసి పట్టుకున్నారు. ప్రసంగం ఇద్దరం మిస్సయ్యాం.

బస్సు సంగతి ఇంకా తేలలేదు. బస్సులోంచి ఎక్కడికి దిగిపోతాం? దానికి ఎవరి దగ్గరైనా ఏమైనా ఉంటే చెప్పండి.

పాతకాలపు_అమ్మమ్మ:

కిటికీ వైపు కూర్చోబెట్టి పాట పాడు, అమ్మాయ్. మెల్లగా, చెవిలో. సిగ్గుపడకు. ఆగకపోతే ఆగడు, నీ గుండె దడ మాత్రం ఆగుతుంది.

కవలల_నాన్న:

వందనాలు. ఇప్పుడే ఇదంతా చదివాను. మాకు కవలలు, ఇద్దరూ ఒకేసారి, చెరొక పక్కకి పరిగెత్తి పడితే ఎవరి దగ్గర కింద కూర్చోవాలి?

ముగ్గురు_తుఫాన్లు:

రోడ్డుకి దగ్గరగా ఎవరున్నారో వాళ్ల దగ్గర. రెండోవాణ్ణి ఏం చేయాలో రేపు రాస్తానండీ, మా మూడోది లేచింది.